జంపక్క దొడ్డిలో రెండో ఇల్లు

మా పక్కింటి జంపక్కతో వాదించి గెలిచినవాడు పినపాక చుట్టుపక్కల ఎవడూ లేడు. మొగుడు పోయాక ఒంటరిగా బతికింది, ఎవరికీ తలవంచలేదు. ఆ నోటికి నేనూ హడలిపోయేవాణ్ణి. ఆమెతో మాటంటే తల ప్రాణం తోకకొచ్చేది. అయినా ఆమె గురించే చెప్పాలి.

2006లో గోదావరి వరదకు వనజ అనే ఆమె ఇల్లు కొట్టుకుపోయింది. భర్త అంతకుముందే జ్వరంతో చనిపోయాడు. ఇద్దరు పిల్లలతో మిరపకాయలు ఏరడానికి మా కోయగూడెం వచ్చింది. ఏరుడు అయిపోయాక పోయే చోటు లేక వేసవి సెలవుల్లో బడి వసారాలో తలదాచుకుంది. జూన్‌లో బడి తెరుస్తారు, పైన వానలు. అప్పటికి గూడు దొరక్కపోతే భద్రాచలం బస్టాండే దిక్కంది.

మా గూడెంలో ఇల్లు కట్టాలంటే ముందు నేలను అడుగుతాం. పొద్దుగూకే వేళ బియ్యపు గింజలు పెట్టి ఆకు కప్పుతాం. తెల్లారి గింజ కదలకుండా ఉంటేనే అక్కడ గుంజ పాతేది. ఆ పని పెద్దమనిషి పోతయ్యది. ఊరి చివర బంజరులో వనజ కోసం ఆయన ఎక్కడ గింజలు పెట్టినా తెల్లారేసరికి చెదిరిపోయేవి. చీమలకు ఆమె మీద ఏం పగో మరి.

ఊరంతా కూర్చున్నప్పుడు సీతయ్య అందుకున్నాడు. అతని మాటకు ఊళ్లో బలం ఉంది. "నేలనే వద్దంటుంది. ఒకామెకు జాగ ఇస్తే రేపు పదిమందొస్తరు." అసలు సంగతి అదీ.

జంపక్క లేచింది. "పోతయ్య మామా, నా ఇల్లు కట్టినప్పుడు దొడ్డి మూలమూలకు గింజలు పెట్టినవ్ గదా. కదిలినయా?"

"లేదు."

"మరి ఒప్పుకున్న నేలను మల్ల అడుగుడేంది? వనజ ఇల్లు నా దొడ్డిలనే లేస్తది."

పోతయ్య తలూపాడు. ఊరి మనిషి దొడ్డిలో ఇల్లు లేస్తే ఇంటికొక మనిషి, ఒక మోపు తాటాకు రావాల్సిందే. తప్పించుకునే వీల్లేదు. జంపక్కకు ఆ సంగతి బాగా తెలుసు.

తీరా చూస్తే వనజే అడ్డం తిరిగింది. ఆ దొడ్డిలో పండే మక్కజొన్నలే జంపక్కకు వానాకాలపు తిండి.

"నీ కూడు మీద ఇల్లు కట్టుకోనక్కా. నావల్ల గాదు."

"సగంల ఇల్లు, సగంల మక్కలు. తక్కువైతే ఇద్దరం కూలికి పోదాం. పిల్లల్ని బస్టాండ్ల పండవెట్టుడు నీవల్లయితదా?"

వనజ పిల్లల చేతులు పట్టుకుని జంపక్క వెంట నడిచింది.

మర్నాడు పొద్దున్నే జంపక్క తన దడిని తనే పీకడం మొదలుపెట్టింది. ఆ చప్పుడుకు ఊరు కదిలింది. మగవాళ్లు గుంజలు, వెదురు మోసుకొచ్చారు. ఆడవాళ్లు మట్టి తెచ్చారు. సీతయ్య కూడా మొహం మాడ్చుకుని తాటాకు మోపుతో వచ్చాడు. వచ్చాడు, అంతే చాలు.

నడిగుంజ పాతేవేళ, దొడ్డి ఆమెది కనక పోతయ్య జంపక్కను పిలిచాడు. ఆ గుంజ ఎవరు పాతితే ఇల్లు వాళ్లదని మా లెక్క. జంపక్క తను కదలకుండా వనజను ముందుకు నెట్టింది.

"అందరు వినుండ్రి. నా నోరు మంచిది గాదు. రేపు కోపంల ఈమెను పొమ్మంటనేమో. అన్నా గూడ ఈమె పోవద్దు. మీరే నా నోరు మూయించాలె."

వనజ గుంజను కావలించుకుని ఏడ్చింది.

"ఏడుపు తర్వాత, పిల్లా. గుంజ కదులుతుంది, ముందు మట్టి తొక్కు" అంది జంపక్క.

వనజ తొక్కింది.