పసుపు పట్టిన కారు తలుపు

మా కారు ఎడమ పక్క ముందు తలుపు సగం తెరుచుకుని మొరాయించేది. భుజంతో ఒక్క తోపు తోస్తే నాకు తెరుచుకునేది. అత్తమ్మకు అది సాధ్యం కాదు. వేళ్ల కీళ్లు వాచి, మణికట్టులో సత్తువ పోయాక, నేను చుట్టూ తిరిగి వచ్చి తెరిచేదాకా ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చోవలసి వచ్చేది.

పసుపు అమ్మే రోజులు దగ్గర పడ్డాయి. "ఈసారి మార్కెట్‌కు నేను రాను. నువ్వొచ్చి దించేదాక సామాను మూట లెక్క కూసుండుడు నాతోని కాదు. నువ్వే పోయి అమ్ముకరా" అని అత్తమ్మ తేల్చేసింది. తన పసుపు కుప్ప పక్కన తాను నిలబడకుండా ఆమె ఏ ఏడూ అమ్మలేదు.

చెడిపోయిన వస్తువును బాగు చేయించడం కన్నా అదెందుకు చెడిందో తెలుసుకోవాలనే యావ నాకెక్కువ. తలుపు తిరిగే బందును మావైపు కబ్జా అంటారు. దాన్ని గుడ్డతో తుడిస్తే తుప్పు రాలేదు, పచ్చటి ముద్ద వచ్చింది. వాసన చూస్తే కొబ్బరినూనె.

"అత్తమ్మా, దీంట్ల నూనె ఎవరు పోసిండ్రు?"

"నేనే పోసిన. ఇంటి తలుపులకు పొయ్యమా? గట్లనే గీ తలుపుకు గూడ పోసిన."

శుక్రవారం గడపకు పసుపు రాసినప్పుడల్లా ఇంటి కబ్జాల్లో ఓ చుక్క నూనె వేయడం ఆమె అలవాటు. ఇంటి తలుపులకు దానివల్ల ఏ హానీ లేదు. కారు మాత్రం సీజనంతా పసుపు కొమ్ములను వేసి తిప్పి పాలిష్ పట్టే డ్రమ్ము పక్కనే నిలబడుతుంది. అక్కడ లేచే దుమ్మంతా ఆ నూనెకు అంటుకుని, ఆరిన నలుగుపిండిలా గట్టిపడింది. నాకు కోపం రావలసింది, నవ్వొచ్చింది.

మరి ఏం వేయాలి? ఆర్మూర్‌లో స్పేర్ పార్టుల షాపతను ముదురు గ్రీజు డబ్బా ముందుకు తోసి, "ట్రాక్టర్లకు గిదే కొడ్తరు మేడమ్, ఏం కాదు" అన్నాడు. ఒకరు ఏం కాదంటే నాకు అనుమానం ఇంకా పెరుగుతుంది. దాంతోపాటు తెల్ల గ్రీజు, పలచటి స్ప్రే కూడా తెచ్చాను. పాత డబ్బా మూతల మీద ఒక్కోటి రాసి, కొబ్బరినూనెను కూడా కలిపి, డ్రమ్ము తిరిగే చోట వరసగా పెట్టాను. పాలిష్ పట్టేవాళ్లు నన్ను చూసి ముసిముసిగా నవ్వుకున్నారు. నవ్వుకోనీ.

సాయంత్రానికి కొబ్బరినూనె మూత, ముదురు గ్రీజు మూత పచ్చగా మారిపోయాయి. స్ప్రే కొట్టిన మూతకు దుమ్ము పెద్దగా అంటలేదు కానీ, వేలితో రుద్దితే జిడ్డూ మిగల్లేదు. తెల్ల గ్రీజును మందంగా రాసిన చోట పసుపు పేరుకుంది, రాసి తుడిచేసిన చోట పసుపు పేరుకోలేదు, జిడ్డు పొర పలచగా మిగిలింది. ఏది రాయాలన్నదే కాదు, ఎంత మిగల్చాలన్నదీ ముఖ్యమేనని అప్పుడు తెలిసింది.

పాత టూత్‌బ్రష్‌ను డీజిల్‌లో ముంచి కబ్జాలోని ముద్దంతా గీకేశాను. ఆరాక స్ప్రే కొట్టి, తలుపును ఆడించి, కబ్జా కడ్డీకి పైనా కిందా అగ్గిపుల్లతో తెల్ల గ్రీజు పెట్టి, పైకి వచ్చినదంతా తుడిచేశాను. తలుపును సగంలో ఆపే ఇనుప పట్టీ జోలికి మాత్రం జాగ్రత్తగా వెళ్లాను. అది మరీ వదులైతే, ఏటవాలులో తలుపు వెనక్కి వచ్చి ఆమె కాలికే తగులుతుంది. దాన్ని శుభ్రం చేసి వదిలేశాను. వాకిలి ముందు దిగుడులో బండి నిలిపి, చిటికెన వేలితో తోసి చూశాను. తలుపు తెరుచుకుంది, తెరుచుకున్న చోటే ఆగింది.

ఆమెకేమీ చెప్పలేదు. రానంటే రానంది. నువ్వు పక్కన లేకపోతే మన పసుపును ఎవరిదో అనుకుంటారని బతిమాలి ఎక్కించాను.

మార్కెట్‌లో బండి ఆపి, వెనక సీట్లోని సంచి అందుకుని, అలవాటుగా చుట్టూ తిరిగి వెళ్లేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. సీటు ఖాళీ. అత్తమ్మ అప్పటికే, ముందే దింపించిన మా పసుపు కుప్ప దగ్గర నిలబడి, ఓ కొమ్ము చూపిస్తూ కొనేవాడితో వాదిస్తోంది. తలుపు సంగతే ఆమెకు పట్టలేదు. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

అమ్మకం అయ్యాక మళ్లీ ఆమె తలుపు వైపే నడిచాను. చెయ్యి అడ్డం పెట్టి నన్ను ఆపేసింది.

"నా దిక్కెందుకొస్తున్నవ్? నువ్వు పోయి బండి తియ్యి."