బాపు అరుపులు

నా చిన్నప్పుడు మేము సూరత్‌లో, గోడాదరాలో ఒకే గదిలో ఉండేవాళ్లం. మా బాపు, అంటే నాన్న, మావాళ్లు సాంచెలనే మరమగ్గాల మీద పనిచేసేవాడు. ఆయన మంచినీళ్లు అడిగినా అరిచినట్టే ఉండేది. నేనంటే కోపమేమో అనుకునేదాన్ని. కరోనా వచ్చి కార్ఖానాలు మూతపడ్డాక ఆ కేకలు పొద్దంతా ఇంట్లోనే. నేను నాయనమ్మ వెనక నక్కి కూర్చునేదాన్ని.

"నీ మీద కోపం గాదు బిడ్డా. ఏండ్లకేండ్లు సాంచెల చప్పుడుల నిలవడి చెవులు మొద్దువారినయి. తన గొంతు తనకే ఇనవడది" అంది నాయనమ్మ ఒక రోజు. నా మనసు తేలికపడింది. ఆ తర్వాత బాపు ఎంత అరిచినా నవ్వుకునేదాన్ని.

ఎండలు ముదిరాయి. బస్సుల్లేవు, రైళ్లు లేవు. మా గదిలోనే ఉండే చిన్నాయన, భార్యనూ చంటిపిల్లనూ తీసుకుని తెలంగాణలోని మా ఊరికి నడిచిపోతానని మూట కట్టాడు.

"కార్ఖానా సేఠ్ ఫోన్ ఎత్తుతలేడు. ఈడుండి ఏం జెయ్యాలె?" అన్నాడు.

బాపు గుమ్మానికి అడ్డంగా నిలబడి, గల్లీ అంతా వినబడేలా అరిచాడు. చంటిది జడుసుకుని ఏడ్చింది. నేను పెద్దదానిలా చిన్నమ్మ దగ్గరికి వెళ్లి, "చెవులు మొద్దువారినయి గదా, గందుకే" అని చెప్పాను.

నాయనమ్మ నన్ను దగ్గరికి లాక్కుంది. "గొంతు పెరిగింది చెవుల వల్ల. గని అడ్డం నిలవడ్డది చెవుల వల్ల గాదు. గది ఎందుకో మీ బాపునే అడుగు."

భయపడుతూనే అడిగాను. అప్పుడూ ఆయన అరిచే చెప్పాడు, కానీ కళ్లలో నీళ్లున్నాయి. "గీ ఎండకు పసిపిల్ల తట్టుకుంటదా? నడిమిట్ల ఏమన్నయితే నేను బతుకుతనా? ఉన్నదే అందరం తిందాం."

 చిన్నాయన చేతిలోని మూట దించాడు.

ఆ సాయంత్రం అందరం పచ్చిపులుసుతో అన్నం తిన్నాం. చంటిదాన్ని ఒళ్లో వేసుకుని బాపు గట్టిగా కబుర్లు చెబుతుంటే, అది హాయిగా నిద్రపోయింది.

ఒక మనిషి ఎందుకలా అయ్యాడో పక్కవాళ్లు చెప్పగలరు. ఏం తలచుకుని ఆ పని చేశాడో మాత్రం అతని నోటే వినాలి. ఇప్పుడు, కరోనా తర్వాత పుట్టిన మా తమ్ముడు అలిగి తలుపేసుకుంటే ఇంట్లోవాళ్లు ఆకలంటారు, నిద్ర చాల్లేదంటారు. కావచ్చు. నేను మాత్రం తలుపు దగ్గర కూర్చుని, ఎందుకు నాయనా అని అడిగి, వాడు చెప్పేదాకా ఆగుతాను.