మరిడమ్మ మింగని మాత్రలు

టెక్కలిలో గణపతిరావు గారి హోమియో క్లినిక్‌కు ఇప్పుడు రోజుకు ముగ్గురో నలుగురో వస్తారు. కాస్త ఖాళీ దొరికితే చాలు, డెబ్బై రెండేళ్ల ఆయనకు మరిడమ్మ గుర్తొస్తుంది.

పదిహేనేళ్ల కిందటి మాట. భావనపాడు నుంచి చేపల గంపతో బస్సులో వచ్చేది. ఒకరోజు అమ్మకం అయ్యాక, తలనొప్పంటూ క్లినిక్ మెట్లెక్కింది. తలనొప్పి ఒకటే అయినా మనిషి మారితే మందు మారాలని గణపతిరావు నమ్మకం. అందుకే నొప్పిని వదిలేసి ఆమెనే అడగసాగారు. దాహం ఎక్కువా? ఏ పక్కకు తిరిగి పడుకుంటావు? ఏమంటే భయం?

మరిడమ్మ పకపకా నవ్వింది. "తలనొప్పికొస్తే బయాలడుగుతావేటి బాబూ?"

"అదే మా వైద్యం. చెప్పమ్మా."

సముద్రం హోరు పెరిగితే భయమంది. పెనిమిటి గంగులు వేటకెళ్లి తిరిగి రాలేదు. శవమైనా దొరకలేదు. పిల్లలు బెదిరిపోతారని ఆ మాట ఇంట్లో ఎత్తనే లేదట. చెబుతూ చెబుతూ వెక్కివెక్కి ఏడ్చింది. గణపతిరావు కలం పక్కన పెట్టేశారు.

చివరికి పుస్తకాలు తిరగేసి, చిన్న సీసాలో మాత్రలు పోసిచ్చారు. "చేత్తో ముట్టకు. ఘాటు వాసన తగిలితే మందు చెడిపోతుంది."

నెల తిరక్కుండానే వచ్చింది. "నొప్పి పోనాది బాబూ."

ఆయన ముఖం వెలిగిపోయింది. మరిడమ్మ సీసా తీసి బల్ల మీద పెట్టింది. మూతైనా విప్పలేదు.

"కోప్పడకు బాబూ. సేపలోల్లం, ఇల్లంతా నీసు కంపే. సెడిపోద్దన్నావు గదా, మింగనేదు. నీకు సెప్పుకున్న రోజే బరువు దిగిపోనాది."

గణపతిరావుకు ముందు ఉక్రోషం వచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. మందు మీద నమ్మకం పోలేదు గానీ, రోగి మాటకు అడ్డు తగలడం మాత్రం ఆనాటితో మానేశారు. ఆమె కొడుకు కూర్మయ్యకు జ్వరం వారం దాటినా తగ్గకపోతే, "ఇది నా మాత్రలకు లొంగదు" అని తనే శ్రీకాకుళం పెద్దాసుపత్రికి పంపారు.

రోగం లేకపోయినా ఆరేడేళ్లు వచ్చి కూర్చునేది మరిడమ్మ. మోకాళ్లు అరిగాక బస్సెక్కడం మానేసింది. ఇప్పుడొచ్చేవాళ్లు స్కానింగు కాగితాలు ముందు పడేసి, "తొందరగా మందియ్యండి సార్" అంటారు.

పోయిన నెల కూర్మయ్య బజార్లో కనిపిస్తే ఆత్రంగా అడిగారు.

"అమ్మ బాగున్నాది బాబూ. పొద్దస్తమానం కోడలితో కబుర్లే."

గణపతిరావుకు సంతోషం వేసింది. లోపలెక్కడో కాస్త అసూయ కూడా.