అంగారకుడి మీద ఇనుప నిచ్చెన

మా చిన్నప్పుడు ఇంద్రేశం ఊళ్లో టెలిస్కోపు ఉన్నది మా ఇంట్లోనే... మా కాక సిటీ నుంచి తెచ్చాడు. ఇక చూడాలి నా ఫోజు! చీకటి పడితే చాలు, దోస్తులందరూ మా డాబా మీదే. ఎవరు ముందు చూడాలో, ఎంతసేపు చూడాలో చెప్పేది నేనే.

ఒకరోజు పాశమైలారం వైపు ఎర్రగా ఒక చుక్క కనబడింది. సైన్సు పుస్తకంలో చదివిన ముక్క గుర్తొచ్చి, "అంగారకుడు!" అని ప్రకటించేశాను.

"చుక్క గాదు రా... కంపెనీ చిమ్నీ మీది లైటు. మొన్ననే మా నాయన పైకెక్కి బల్బు మార్చిండు," అన్నాడు మల్లేశు. వాళ్ల నాయన అక్కడ హెల్పరు.

"అంటే మీ నాయన అంగారకుడి మీదికి ఎక్కిండా రా?" అన్నాను. అందరూ పడీపడీ నవ్వారు.

నవ్వుతూనే టెలిస్కోపు అటు తిప్పి కన్ను పెట్టాను... తలకిందులుగా ఒక ఇనుప నిచ్చెన. దాని చివర జాలీలో ఎర్ర బల్బు. కుడితిలో పడ్డ ఎలుకలా అయింది నా పని.

"కనబడ్డదా?" అని అందరూ మీద పడ్డారు.

"మబ్బు అడ్డమొచ్చింది," అని గొట్టాన్ని చందమామ వైపు తిప్పేశాను.

మల్లేశు మెల్లగా దగ్గరికొచ్చాడు. "జెర నన్ను సూడనియ్ రా... మా నాయన ఎక్కిన నిచ్చెన కనబడ్తదేమో."

"ముట్టకు. అద్దం ఖరాబైతది," అన్నాను.

చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని నిక్కరుకు తుడుచుకున్నాడు. మెట్లు దిగి వెళ్లిపోయాడు. మళ్లీ మా డాబా ఎక్కలేదు. బడిలో రోజూ కనబడేవాడు... రేపు నిజం చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే పదో తరగతి అయిపోయింది. తర్వాత వాళ్లు ఊరు మారిపోయారు.

మొన్న వెలిమెలలో దోస్తులం నాలుగు టెలిస్కోపులు పెట్టుకుని కూర్చున్నాం. చుట్టూ కొత్త అపార్టుమెంట్ల లైట్లు... చుక్కలు వెతుక్కోవాల్సి వచ్చింది. మా పాప దూరంగా ఒక ఎర్ర వెలుగు చూపించి, "డాడీ, అది మార్సా?" అంది.

"కాదు బిడ్డా, చిమ్నీ లైటు. బల్బు పోతే ఒకాయన అంత ఎత్తు ఎక్కి మారుస్తడు."

"నీకెట్ల తెలుసు?"

తల కొట్టేసినట్టయింది. "మల్లేశు అని... నా దోస్తు చెప్పిండు," అన్నాను. మిగతాది చెప్పడానికి సిగ్గు అడ్డమొచ్చింది.

మీలో ఎవరికైనా ఇట్లా గొంతులోనే ఆగిపోయిన మాట ఉంటే కింద రాయండి... నాది ఇదీ.

మల్లేశా, ఆ రోజు మబ్బు లేదు రా. మీ నాయన ఎక్కిన నిచ్చెన నాకు కనబడింది.