కళ్లు తెరిచాడు, మెలకువ రాలేదు

2022. సూరత్‌లోని ఒక ప్రైవేటు ఆస్పత్రి న్యూరో వార్డు. నేను అక్కడ ఇన్‌చార్జి సిస్టర్‌ని. తెలుగు నేతపనివాళ్లు ఎక్కువగా ఉండే గోడాదరాలో మగ్గాల మీద పనిచేసే రాజేశం, నూలు చుట్టిన బీము మోస్తూ మెట్ల మీది నుంచి వెనక్కి పడ్డాడు. తలకు ఆపరేషన్ చేశారు. ఐసీయూ దాటి మా వార్డుకు వచ్చేసరికి సొంతంగా ఊపిరి తీసుకుంటున్నాడు గానీ స్పృహ లేదు.

కొన్నాళ్లకు కళ్లు తెరిచాడు. నా తలనొప్పి అక్కడే మొదలైంది.

కళ్లు తెరిస్తే మెలకువ వచ్చినట్టేనని అందరూ అనుకుంటారు. మెదడుకు గట్టి దెబ్బ తగిలినప్పుడు అలా కాదు. కోమాలో కళ్లు మూసుకునే ఉంటాయి. కొన్ని వారాలకు పగలు తెరుచుకుని రాత్రి మూసుకోవచ్చు. అయినా ఎదురుగా ఉన్నదెవరో తెలియదు. దీన్ని వెజిటేటివ్ స్టేట్ అంటారు. అరచేతిలో వేలు పెడితే పట్టుకుంటాడు. అది రిఫ్లెక్స్, చంటిపిల్లలు పట్టుకున్నట్టే. సరిగా మింగలేడు కాబట్టి ముక్కులోంచి కడుపులోకి వేసిన రైల్స్ ట్యూబుతోనే ఆహారం ఇస్తాం.

ఈ నాలుగు ముక్కలు ఎంతమందికి చెప్పానో! రాజేశం పక్కన రోజూ కొత్త మనిషే. మగ్గాల మీద పన్నెండు గంటల పాలీ, అంటే షిఫ్టు. పాలీ దిగినవాళ్లు దిగినట్టు వచ్చి కూర్చునేవారు. భార్య పద్మ చీరలు మడతపెట్టే పనికి పోయి సాయంత్రం వచ్చేది. ఒకరికి చెప్పింది ఇంకొకరికి చేరేది కాదు.

ఒక ఉదయం చూస్తే రాజేశం పెదాలు నీలం తిరిగి, ఊపిరాడక కొట్టుకుంటున్నాడు. పక్కన పద్మ తమ్ముడు శంకర్, చేతిలో గ్లాసు. వెంటనే గొంతులో గొట్టం వేసి నీళ్లు లాగేశాం.

"నీళ్లు ఎవరు తాపమన్నరు?" అన్నాను.

"బావ కండ్లు తెరిచిండు గదా సిస్టర్. గొంతు ఎండుతుందేమోనని జర పోసిన."

"వద్దని నిన్ననే చెప్పిన గదా!"

"నిన్న మా కాకా ఉన్నడు. నాకేం చెప్పలే. ఆయనది రాత్ పాలీ, నాది దిన్ పాలీ."

"మరి సాంచా మగ్గం మీద పోగు తెగితే పాలీ మారేటప్పుడు చెప్పుకోరా?"

"అది చెప్పాలె. లేకుంటే సేఠ్ ఊకుంటడా?"

ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి రాజేశానికి న్యుమోనియా వచ్చింది. మళ్లీ ఐసీయూ, మళ్లీ వెంటిలేటర్. బతకడం కష్టమని డాక్టర్ చెప్పారు. పద్మను పిలిచి, ఇక మీద రోజూ ఒకే మనిషి ఉండాలని కోప్పడ్డాను.

"నేనే ఉంట సిస్టర్. చీరెలు మడతపెట్టెటోళ్లు దొరుకుతరు. ఈయన దొరుకుతడా?"

అదృష్టవశాత్తు గండం గడిచి వార్డుకు తిరిగి వచ్చాడు. పద్మ అతని మంచం పక్క నుంచి కదల్లేదు. నేను సెలవు నుంచి వచ్చిన రోజే నన్ను పట్టుకుంది. "సిస్టర్, నన్ను చూసిండు."

"కళ్లు తెరిచి ఉంటే ఎటో ఒకవైపు చూస్తాయమ్మా," అన్నాను విసుగ్గా. కండ్లు తెరిచిండని విని విని ఉన్నాను మరి.

"అట్ల గాదు. నిన్న నేను ఇటు నడిస్తె కండ్లు ఆడనే ఉండె. ఇయ్యాల నా ఎంబడి వచ్చినయ్."

నిన్న ఎలా ఉన్నాయో నాకు తెలియదు. చిన్న అద్దం తెచ్చి అతని ముఖం ముందు మెల్లగా పక్కకు జరిపాను. స్పృహ చిగురిస్తుంటే అద్దంలోని తన ముఖాన్ని కళ్లు వెంబడిస్తాయి. మొదటిసారి ఏమీ లేదు. రెండోసారి కళ్లు అద్దంతో పాటు కదిలాయి. పద్మ కొంగు నోట్లో కుక్కుకుంది. డాక్టర్ మళ్లీ మళ్లీ పరీక్షించి, మినిమల్లీ కాన్షస్, అంటే అప్పుడప్పుడు తెలుస్తోంది, అన్నారు.

నెలల తర్వాత రాజేశం పట్టుకుంటే నడిచే స్థితిలో ఇల్లు చేరాడు. కోపం పెరిగింది, పేర్లు తడబడతాయి. పూర్వపు మనిషి రాలేదు, వచ్చిన మనిషితో పద్మ సర్దుకుంటోంది.

ఈ కేసు తర్వాత స్పృహ లేని ప్రతి రోగి దగ్గరా రోజూ ఒకే మనిషి ఉండాలని పట్టుబట్టాను. ఎన్ని తిట్లు తిన్నా వదల్లేదు. స్పృహ ఒక్కసారిగా రాదు. నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య వెంట్రుకవాసి తేడాగా వస్తుంది. నర్సులం, డాక్టర్లం మేమూ పాలీలు మారేవాళ్లమే. ఆ తేడా కనిపించాలంటే, నిన్న కూడా అక్కడే కూర్చున్న మనిషి ఒకరు ఉండాలి.