ఏడును రెండుగా చదివిన మామ

మొన్న మనవరాలు నా మణికట్టుకు ఒక వాచీ కట్టి, "అవ్వా, నువ్వు ఎన్ని అడుగులు నడిచేదీ ఇది లెక్క పెడతాది" అంటే నవ్వాగక, "నన్నూ ఎలుకను చేస్తివి గదే!" అన్నాను. నా ఈడువాళ్లు కాబట్టి మీకు విప్పి చెప్పుకోవచ్చు, ఆ నవ్వు వెనక నలభై ఏళ్లనాటి పగ ఒకటుంది.

పెళ్లికి ముందు నేను ఊళ్లో ఒక పరిశోధనశాలలో, ఎలుకల గదిలో పనిచేశాను. ఒక్కో బోనులో ఒక్కో ఇనుప చక్రం, ఎలుక ఎక్కి పరిగెత్తితే అది తిరిగేది, తిరిగిన ప్రతిసారీ పక్కనున్న మీటరులో ఒక అంకె పెరిగేది. మందు పెట్టిన ఎలుక ఎంత పరిగెత్తింది, పెట్టనిది ఎంత పరిగెత్తింది అని డాక్టరుగారు పోల్చి చూసుకునేవారు. పొద్దున్నే ఆ మీటర్లు చూసి రిజిస్టరులో ఎక్కించే పని బడి మొహం చూడని నాకు దక్కినందుకు, ఇంట్లో అక్షరాలు దిద్దించిన నాయనమ్మకు రోజూ మనసులో దండం పెట్టుకునేదాన్ని.

అక్కడ పెద్ద పనివాడు మా మేనత్త మొగుడే. చక్రాలకు నూనె వేయాల్సింది ఆయన. ఒకసారి వేయక ఒక చక్రం బిగుసుకుపోయి మీటరు కదలకపోతే, నేను చూడకుండానే సున్న రాశానని డాక్టరుగారికి చెప్పి, నలుగురిలో "బోన్లు కడిగేదానికి లెక్కలేంది?" అన్నాడు. రిజిస్టరు ఆయన చేతికి పోయింది, ఇంకొక్క తప్పు జరిగితే నన్ను ఇంటికి పంపేస్తామన్నారు. అమ్మా నేనూ బతికేది ఆ పనిమీదే. మురుంగపాక్కం గుడిలో ద్రౌపదమ్మ ముందు నిలబడి, తల్లీ, పగంటే ఏందో నీకు ఒకరు చెప్పాలా అని ఏడ్చాను.

మామ పొద్దున లేవలేడు. మీటర్లు నన్నే చూసి చీటీ రాసిపెట్టమన్నాడు, పదింటికి వచ్చి దాన్ని రిజిస్టరులో ఎక్కించేవాడు. ఆ చీటీలను నేను ఇంగ్లీషు అంకెల్లో కాక, నాయనమ్మ నేర్పిన తెలుగు అంకెల్లో రాశాను. మాది అరవదేశం, ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లే గానీ చదవను వచ్చినవాళ్లు అరుదు. మామ చీటీని అటు తిప్పి ఇటు తిప్పి, "ఏందిమే ఇది?" అన్నాడు.

"మన అంకెలే గదా మామా, నీకు రావా?" అన్నాను, తక్కిన పనివాళ్లకు వినబడేట్టు.

"రాకేం? నువ్వు పుట్టకముందే నేర్చినా!"

అంతే. ఏడని రాసిన ౭ ఆయన కంటికి రెండైంది, ఒకటని రాసిన ౧ సున్న అయింది, బాగా పరిగెత్తిన ఎలుకలన్నీ రిజిస్టరులో కుంటివైపోయాయి. నేను ఊరకే ఉండి, చీటీలను మాత్రం తీగకు గుచ్చి దాచాను. నెల తిరక్కుండా అనుమానమొచ్చి ఒక పొద్దున డాక్టరుగారే మీటర్ల ముందు కూర్చున్నారు. ఆనాటి చీటీ నేను చదివి వినిపిస్తే మీటర్లతో అంకెకంకె సరిపోయింది, మామ ఎక్కించింది సరిపోలేదు. పాత చీటీలన్నీ చదివి లెక్క సరిచేసింది నేనే. రిజిస్టరు నా చేతికొచ్చింది, మామ ఎలుకల కింద పరిచే ఊక బస్తాల గోడౌనుకు పోయాడు. ఆ సాయంత్రం ద్రౌపదమ్మకు కొబ్బరికాయ కొట్టాను.

ఇప్పుడు ఎలుక ఒంట్లోనే గింజంత యంత్రం పెడతారట, అది పరిగెత్తేదీ గుండె కొట్టుకునేదీ కంప్యూటరే రాసుకుంటుందట, చీటీ రాసే చెయ్యితో పనే లేదు. ముసలితనంలో మామ ఒకనాడు మా గడపలోకొచ్చి, తల వంచుకుని, ఆ అంకెలు నేర్పించమ్మా అన్నాడు. కాఫీ ఇచ్చాను, నేర్పలేదు. ఆయనా పోయాడు. మా వీధిలో ఇవాళ ఆ అంకెలు చదివేది నేనొక్కదాన్నే, నేర్పమని నన్ను అడిగినవాడు ఈ జన్మకు ఆయనొక్కడే. అయినా నేర్పనందుకు నాకు బాధ లేదు, ఉందని ఆ ద్రౌపదమ్మ ముందు నిలబడి అబద్ధం చెప్పలేను.