నలభై అయిదేళ్ల ఎముకలు

మా ఎక్స్‌రే గదిలో పెద్దాయనకు ‘నలభై అయిదు’ అని పేరు. తన వయసు తెలియదన్న ప్రతి మనిషికీ కంప్యూటర్లో ఆయన కొట్టే అంకె అదే. బయట జనం మెట్ల దాకా ఉండేవారు. లోపలికొచ్చిన ముసలావిడ “ఏమో బాబూ, ఎవరు రాసిపెట్టారు?” అనడం ఆలస్యం, టకటకా రెండు మీటలు నొక్కేవాడు.

“ఎముక విరిగిందా లేదా, అంతేగా! వయసుతో మనకేం పని?” అని నవ్వేవాడు. ఆయన చేతికింద పనిచేసే నేనూ నవ్వేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే రోత పుడుతుంది.

మనిషి చెడ్డవాడు కాదు, అదే నా ఏడుపు. పసిపిల్లలకు చల్లగా తగలకూడదని ప్లేటును అరచేత్తో రుద్ది వెచ్చబెట్టేవాడు. ఇంట్లో భార్య కోప్పడితే “ఊపిరి బిగబట్టు... ఇక వదులు” అనేవాడట.

ఇరవై ఏళ్లు అలా గడిచాక ఎముకల డాక్టరు పరిశోధన మొదలుపెట్టాడు. మా పాత నడుం ఎక్స్‌రేలన్నీ, పక్కనున్న వయసులతో సహా, కృత్రిమ మేధకు మేపాడు. ఇక ఎముకను చూసి ఆ యంత్రమే వయసు చెబుతుందట. అరిగిపోయిన వెన్నుల పక్కన వేలసార్లు నలభై అయిదని చూసిన యంత్రం ఏం నేర్చుకుంటుంది, నా తలకాయ!

రోగుల్ని బల్లమీదికి ఎత్తే ఆయమ్మకు నడుం పోయింది. కూర్చుని చేసే పని ఇమ్మని పైవాళ్లను అడిగింది. ఆమెకు అరవై దాటాయని గుడ్డివాడికైనా తెలుస్తుంది, కానీ కాగితం లేదు. మిషన్‌తో చూపించమన్నారు. అది నలభై ఆరంది. అర్జీ బుట్టదాఖలైంది.

“గురువుగారూ, మనం చేసిన పనే ఇది. వెళ్లి చెబుదాం పదండి” అని పోరి పోరి ఆయన్ని డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను.

డాక్టరు అంతా విని, తలుపు వేసి వచ్చాడు. “వ్యాసం అచ్చుకెళ్లిపోయింది. మీరు నెలలో రిటైరవుతున్నారు. గౌరవంగా వెళ్లండి” అన్నాడు. పెద్దాయన పిల్లిలా బయటికొచ్చాడు. వెనకాల నేనూ. తిలాపాపం తలా పిడికెడు.

మూడో వారం ఒక భారీ మనిషిని ఎత్తుతూ ఆయమ్మ కుప్పకూలింది. ఆమె రోజూ తోసే స్ట్రెచర్ మీదే మా గదికి తెచ్చారు.

“వయసెంతమ్మా?” అలవాటు కొద్దీ అడిగేశాడు పెద్దాయన.

“నన్నడుగుతావేంటయ్యా? మీ మిషన్నడుగు” అంది పళ్ల బిగువున.

ఆయన వేళ్లు మీటల మీద ఆగిపోయాయి. ఉన్నదున్నట్టు వేస్తే పాత రిపోర్టుకూ దీనికీ తేడా వస్తుంది, ఎవరో ఒకరు అడుగుతారు. ఒక్కసారి నా వంక చూశాడు. తర్వాత నలభై ఆరు కొట్టి, “ఊపిరి బిగబట్టమ్మా” అన్నాడు.

ఆపడానికి నాకు రెండు చేతులున్నాయి. ఆ రెంటితో ప్లేటు పట్టుకుని నిలబడ్డాను.